పన్నెండు గంటల పరిచయం

నూకలపాలెంలో బయటివాళ్లు ఎక్కువైపోయారని మార్కెట్ సెంటర్లో టెంటు వేసిన ఇరవై ఒకటో రోజున ప్రభుత్వానికి ఆ ఊరి మీద దయ కలిగింది.

టెంటులో కూర్చున్నది తొమ్మిదిమంది. వాళ్ల సంఘానికి స్థానిక జాగృతి సమితి అని పేరు. అధ్యక్షుడు తాడి చిట్టిబాబు. రైసు మిల్లుల్లో బస్తాలు మోయడానికి బీహారు నుంచి వచ్చిన మూడువందల నలభై మందీ పెళ్లాం పిల్లలతో సహా వెళ్లిపోవాలన్నది సమితి కోరిక. వాళ్లు వెళ్లిపోతే బస్తాలు ఎవరు మోస్తారని అడిగితే, ఆ సంగతి రెండో దశ ఉద్యమంలో చర్చిస్తామని చిట్టిబాబు చెప్పేవాడు.

ఆ సెంటర్ నుంచి కాలవ రేవుకి దిగే సందులో కుడుపూడి భాస్కరం పిండిమర ఉంది. భాస్కరం ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నాడు. తెల్లవారుజామునే కాలవలో స్నానం చేసి, సూర్యుడికి మూడు దోసిళ్ల నీళ్లు వదిలి, మరకి దణ్ణం పెట్టి మోటారు స్విచ్చి వేస్తాడు. అతనికి ఒకటే పట్టింపు. మర మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. ముప్ఫై ఒక్కేళ్లుగా కాపురం చేస్తున్న భార్య మంగతాయారుని కూడా గుమ్మం దాటి లోపలికి రానివ్వడు. ఆవిడ టీ గ్లాసు తెచ్చి గడప మీద పెట్టి వెళ్లాలి.

బీహారు వాళ్లకి ఆ మరతో చాలా పని. వారానికోసారి గోధుమలు తెస్తారు. వేయించిన శెనగలు తెచ్చి సత్తుపిండి పట్టించుకుంటారు. వాళ్లలో హమాలీ మేస్త్రీ రామ్‌బిలాస్ వచ్చి పదకొండేళ్లయింది. ఇప్పుడతను గోదావరి యాసలో మాట్లాడతాడు, భాస్కరాన్ని బాబాయిగారూ అంటాడు. అతని భార్య సుగియా దేవి మంగతాయారుని అక్కా అంటుంది. కిందటేడు వానాకాలంలో సుగియా కూతురు పూనమ్‌కి డెంగీ వచ్చి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఆసుపత్రి వరండాలో మంగతాయారు నాలుగు రోజులు సుగియా పక్కనే కూర్చుంది. పిల్ల బతికితే వచ్చే కార్తీకంలో ఛఠ్ వ్రతం పడతానని సుగియా అక్కడే మొక్కుకుంది. ముప్ఫై ఆరు గంటలు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, షష్ఠినాటి అస్తమయానికీ సప్తమినాటి ఉదయానికీ నీళ్లలో నిలబడి సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వడం ఆ వ్రతం. అర్ఘ్యానికి ఠేకువా అనే గోధుమపిండి బిళ్లలు కావాలి. ఆ గోధుమలు కడిగి, పక్షి ముట్టకుండా కాపలా కాసి ఎండబెట్టాలి. వేరే గింజ తగలని మరలో పట్టించాలి.

ఇందులో భాస్కరానికి విడమరచి చెప్పాల్సిందేమీ లేదు. నాగుల చవితికి ఊరి ఆడవాళ్లు చలిమిడి కోసం తడిబియ్యం పట్టించుకుంటారు కాబట్టి, ముందురోజే మర విప్పి, రాళ్లు కడిగి, పసుపూ కుంకుమా పెట్టడం అతనికి అలవాటే. ఆ మర్నాడే పంచమి. చవితి పని అయిపోయాక పంచమినాడు మరోసారి కడిగి బీహారు వాళ్ల గోధుమలు ఒక్కటే పట్టేవాడు. ఈ ఏడు సుగియా మొదటిసారి వ్రతం పడుతోంది గనక, కొత్త గుడ్డసంచి కూడా కుట్టించి పెడతానని దసరా నాడే మాట ఇచ్చాడు. రాళ్లు రెండుసార్లు కడగమని ఆమె అడిగితే, మూడుసార్లు కడుగుతానన్నాడు.

ప్రభుత్వానికి దయ కలిగింది సరిగ్గా అప్పుడే.

ముందుగా ఝాన్సీ అనే అమ్మాయి సర్వే కాయితాలతో వచ్చింది. టెంటుని మీరు సమర్థిస్తారా, బయటివాళ్లతో వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు అని రెండు ప్రశ్నలు. భాస్కరం ఆలోచించి, టెంటు వల్ల తన గిరాకీ సైకిళ్లు రావడానికి దారి లేదని మొదటిదానికి చెప్పాడు. రెండోదానికి, నిన్న ఎనిమిదిమందితో మాట్లాడాను గానీ వాళ్లు బయటివాళ్లని ఇప్పుడు మీరంటేనే గుర్తొచ్చింది అన్నాడు. ఆ జవాబుకి గడి లేదు. ఝాన్సీ కాయితం పక్కన పెన్సిలుతో రాసుకుంది.

పదిరోజుల తరువాత ఫలితం తేలింది. బయటివాళ్లతో పరిచయం ఉన్నవాళ్లు టెంటుని సమర్థించడం లేదు. టెంటుని సమర్థించేవాళ్లకి బయటివాళ్లతో పరిచయం లేదు. ఇది ఊళ్లో అందరికీ తెలిసిన విషయమే అయినా శాతాలతో చెప్పేసరికి రాజధానిలో కదలిక వచ్చింది. సంపర్క వృద్ధి పథకం పుట్టింది. దాన్ని అమలు చేయడానికి విశ్వేశ్వరం అనే ప్రత్యేకాధికారి చిత్తూరు వైపు నుంచి బదిలీ మీద దిగాడు.

ఆయన కల్యాణమండపంలో మీటింగు పెట్టి పథకం వివరించాడు. ఊళ్లోని ప్రతి స్థానిక కుటుంబం కార్తీక సప్తమిలోగా బయటివాళ్లతో పన్నెండు గంటల పరిచయం పూర్తిచేయాలి. పరిచయానికి మూడు షరతులు. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి. ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి. ఒక అధికారి దగ్గరుండి చూడాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అది పరిచయం కాదు, కేవలం కలుసుకోవడం.

భాస్కరం చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. రామ్‌బిలాస్ కుటుంబంతో తమకి పదకొండేళ్ల పరిచయం ఉందనీ, దాంట్లోంచి ఓ పన్నెండు గంటలు తీసుకుంటే సరిపోతుందేమోననీ అడిగాడు.

విశ్వేశ్వరం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సదరు పదకొండేళ్లలో అధికారి సమక్షమున జరిగినది ఎంత?" అన్నాడు.

"ఒకసారి తూనికల ఇన్‌స్పెక్టరుగారు వచ్చారండి. ఆయన టీ తాగి వెళ్లిపోయారు."

"అనగా ఇది అనియత సంపర్కము. పథకమునకు పూర్వమే సంపర్కము కలిగియుండుట పథక స్ఫూర్తికి విరుద్ధము. ఇప్పుడు మీ అభిప్రాయము బాగున్నచో అది మా వల్ల బాగున్నదో, మీ వల్ల బాగున్నదో మేము ఎట్లు తేల్చవలెను?"

భాస్కరానికి ఈ ప్రశ్న న్యాయంగానే తోచింది. ఎవరివల్ల బాగుంటే ఏమిటన్న ఆలోచన ఇంటికొచ్చి అన్నం తింటుంటే వచ్చింది గానీ, అప్పటికి మీటింగు అయిపోయింది.

మర్నాడు మర గోడకి నోటీసు అంటించారు. కుడుపూడి భాస్కరం కలుషిత నమూనా అని అందులో ఉంది. తుది సర్వే ముగిసేవరకు, అంటే కార్తీక సప్తమి వరకు, అతడు బయటివాళ్లు ఎవరికీ ఇరవై అడుగుల కన్నా దగ్గరగా రాకూడదు. వాళ్ల వస్తువులు ముట్టకూడదు. వాళ్లకు సేవలు అందించకూడదు. ఉల్లంఘిస్తే మర లైసెన్సు రద్దు. బయటివాళ్లతో స్నేహంగా ఉన్న ఇంకో అరవైమందికి కూడా ఇలాంటి నోటీసులే వచ్చాయి. టెంటులో కూర్చున్నవాళ్లకి మాత్రం రాలేదు. వాళ్లు స్వచ్ఛమైన నమూనాలు.

అలా నూకలపాలెంలో బయటివాళ్లతో మాట్లాడేవాళ్లని మాట్లాడకుండా ఆపి, మాట్లాడనివాళ్లని తీసుకొచ్చి మాట్లాడించే కార్యక్రమం మొదలైంది.

కల్యాణమండపంలో సమానమైన ఎత్తుగల కుర్చీలు మూడువందల నలభై జతలు వేశారు. మొదటి జతలో ఒక మిల్లు యజమానీ రామ్‌బిలాసూ కూర్చున్నారు. యజమాని కుర్చీ పట్టనంత లావు కావడంతో సమాన హోదా కోసం రామ్‌బిలాస్ ఒడిలో రెండు దిండ్లు పెట్టారు. యజమాని వేళ్ల ఉంగరాలు విప్పించి కవర్లో సీలు వేశారు. తరువాత ఉమ్మడి లక్ష్యం కింద ఇద్దరూ కలిసి ఒక బియ్యం బస్తాని ఈ చివర నుంచి ఆ చివరకి చేర్చాలన్నారు. రామ్‌బిలాస్ దాన్ని ఒక్కడే తలమీద పెట్టుకుని నాలుగు అంగల్లో చేర్చగలడు. అలా చేస్తే సమానత్వం దెబ్బతింటుందని ఆపారు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని నలభై నిమిషాలు అవస్థ పడ్డారు. యజమాని చమట తుడుచుకుంటూ, మనిషి మంచివాడే, ఏ మిల్లులో చేస్తావయ్యా అని ఆప్యాయంగా అడిగాడు.

"మీ మిల్లులోనేనండి. తొమ్మిదేళ్లయిందండి," అన్నాడు రామ్‌బిలాస్.

పథకం ఫలిస్తోందని విశ్వేశ్వరం డైరీలో రాసుకున్నాడు. నిజానికి ఆ ఒక్క విషయంలో భాస్కరం కూడా ఆయనతో ఏకీభవించాడు. తొమ్మిదేళ్లలో ఒకసారైనా పేరు అడిగాడు కదా అనుకున్నాడు.

చిక్కు వారం తిరక్కముందే వచ్చింది. ఊళ్లో ఆరువేల కుటుంబాలు. బయటివాళ్లు మూడువందల నలభై. ప్రతి బయటివాడూ రోజుకి ఎనిమిది గంటలు పరిచయం అవుతూ కూర్చోవలసి వచ్చింది. బస్తాలు మోసేవాళ్లు లేక మిల్లులు ఆగిపోయాయి. లారీలు బైపాసు దాకా నిలబడిపోయాయి. పరిచయం పూర్తిచేసుకుని వచ్చిన స్థానికులు, బయటివాళ్లంటే ఇంత మంచివాళ్లని మాకు తెలియదు, కానీ వీళ్లు పని మానేసి కుర్చీల్లో కూర్చుంటున్నారేమిటి అని టెంటు వైపు చూడడం మొదలుపెట్టారు.

చిట్టిబాబుకి బలం పెరిగింది. కానీ టెంటు దగ్గర ఇంకో సమస్య బయటపడింది. ఆ టెంటు అద్దెకిచ్చిన సప్లయర్స్ షాపులో పనిచేసేది కూడా బీహారు వాళ్లే. పొద్దున్నే వచ్చి గుంజలు పాతేదీ, కుర్చీలు వేసేదీ, "బయటివాళ్లు వెళ్లిపోవాలి" అన్న బ్యానరు కట్టేదీ వాళ్లే. బ్యానరు తలకిందులుగా కడితే చిట్టిబాబు కేకేసి సరిచేయించేవాడు. అంటే సమితివాళ్లకి బయటివాళ్లతో నెలరోజులుగా రోజూ పరిచయం ఉంది. అందరూ ఒకే టెంటు కింద ఉంటారు గనక హోదా సమానం. లక్ష్యం కూడా ఉమ్మడిదే, టెంటు నిలబడడం. బందోబస్తు కానిస్టేబులు ఉన్నాడు కాబట్టి అధికారి సమక్షం కూడా ఉంది. అయినా వాళ్ల అభిప్రాయం మారలేదు.

విశ్వేశ్వరం ఒక రోజంతా ఈ ఫైలు మీద కూర్చున్నాడు. పరిచయం ఉన్నవాళ్లు వ్యతిరేకించరని ప్రభుత్వం నిర్ణయించింది. వీళ్లకి పరిచయం ఉంది. కాబట్టి వీళ్లు వ్యతిరేకించడం లేదు. సాయంత్రానికి టెంటు గుంజకి ఆయన సంతకంతో కాయితం అంటించారు. "ఇందు ఆసీనులైన తొమ్మండుగురు బయటివారి పట్ల సుముఖులుగా గుర్తింపబడినారు. ఇకమీదట వీరు చేయు నినాదములను అభినందనలుగా పరిగణించవలెను."

చిట్టిబాబు ఆ కాయితం రెండుసార్లు చదివాడు. ఆ రోజు నుంచి టెంటులో నినాదాలు తగ్గిపోయాయి. అరిచినకొద్దీ అభినందించినట్టు రికార్డవుతుందని వాళ్లకి భయం పట్టుకుంది.

బయటివాళ్ల కొరత మాత్రం అలాగే ఉంది. దానికి కూడా విశ్వేశ్వరం దారి కనిపెట్టాడు. దీపావళి మర్నాడు కొత్త నిర్వచనం వచ్చింది. ఈ పురపాలక సంఘం పరిధికి వెలుపల జన్మించిన ప్రతి వ్యక్తీ బయటివ్యక్తే.

దాంతో ఊళ్లో కోడళ్లందరూ బయటివాళ్లయిపోయారు.

కల్యాణమండపం కళకళలాడింది. ఒకే ఇంటి అత్తాకోడళ్ల మధ్య ఉన్నది అనియత సంపర్కం గనక, ఒక ఇంటి అత్తగారికి వేరే ఇంటి కోడల్ని జతచేశారు. ఎదురింటి కోడలు ఎంత మర్యాదస్థురాలో అని అత్తగార్లందరూ పన్నెండేసి గంటలు మురిసిపోయారు. కోడళ్లు జీవితంలో మొదటిసారి ఒక అత్తగారితో సమానమైన ఎత్తుగల కుర్చీలో కూర్చున్నారు. కొంతమంది పన్నెండు గంటలు అయిపోయినా ఇంకో రెండు గంటలు అడిగారు.

భాస్కరానికి ఈ సందడి ఏమీ పట్టలేదు. దీపావళి నాటి నుంచి అతనికి ఒకటే చింత. పంచమికి ఇంక అయిదు రోజులు ఉంది. మర కడగడం, గోధుమలు పట్టడం, సుగియా చేతికి పిండి అందించడం, మూడూ నేరాలే. పక్క ఊరి మరలో పట్టించుకోమందామంటే అక్కడ మిరపకాయలు కూడా ఆడతారు. ఆ రాళ్లకి ఎన్ని నీళ్లు పోసినా ఘాటు పోదు.

చవితి పొద్దున సుగియా సందు చివర నిలబడింది. ఇరవై అడుగులు ఎక్కడికి వస్తాయో మునిసిపాలిటీ వాళ్లు ముగ్గుతో గీత గీసి వెళ్లారు. ఆమె గీత అవతలే ఆగింది. చేటలో ఎండిన గోధుమలు. కాకులు ముట్టకుండా మూడురోజులు డాబా మీద పూనమ్ కాపలా కాసింది. ఆ పిల్ల ముఖం ఎండకి నల్లబడింది గానీ కిందటేటి నీరసం లేదు.

"బాబాయిగారూ, రేపు కాకపోతే నా మొక్కు ఆగిపోతాది," అంది సుగియా. గట్టిగా అనలేదు. అయినా సందంతా వినిపించింది.

భాస్కరం గుమ్మంలో కొత్త గుడ్డసంచి పట్టుకుని నిలబడ్డాడు. కుట్టించినది కుట్టించినట్టే ఉంది. "నేను ఆ అధికారిగారిని అడుగుతానమ్మా," అన్నాడు.

మునిసిపల్ ఆఫీసులో విశ్వేశ్వరం అతని మాట ఓపిగ్గా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. టేబుల్ మీద వెంకటేశ్వరస్వామి పటం ఉంది, దానికి రోజూ పువ్వు పెడతాడు. అది చూసి భాస్కరానికి ధైర్యం వచ్చింది. మొక్కు మాట, పిల్ల మాట, రాళ్లు కడిగే మాట అన్నీ చెప్పాడు. సూర్యుడికి ఇచ్చేదే కదండీ, మనం ఇచ్చేదీ ఆయనకే కదండీ అన్నాడు.

"మీ భావన ప్రశంసనీయము," అన్నాడు విశ్వేశ్వరం. "అందువల్లనే ప్రమాదకరము. ఇంత సుహృద్భావము ఒక్క వ్యక్తిలో కేంద్రీకృతమైనచో జిల్లా సగటు తారుమారగును."

"మరి ఆవిడ మొక్కు ఏమవుతుందండి?"

"మొక్కులకు గడువు పొడిగించు అధికారము ఈ కార్యాలయమునకు లేదు," అన్నాడాయన. నిజంగా విచారంగానే అన్నాడు.

భాస్కరం కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి అరుగు మీద మంగతాయారు కొత్త కాయితం చదువుకుంటోంది. ఝాన్సీ ఇప్పుడే ఇచ్చి వెళ్లిందట. మంగతాయారు పుట్టింది ఏటవతల పాటిలంకలో. కాబట్టి ఆమె బయటివ్యక్తి. భాస్కరం కలుషిత నమూనా. కాబట్టి సప్తమి వరకు ఇద్దరూ ఇరవై అడుగుల దూరం పాటించాలి. ముప్ఫై ఒక్కేళ్ల కాపురాన్ని అనియత సంపర్కంగా నమోదు చేశారు.

"అక్కడే ఆగండి," అంది మంగతాయారు కాయితంలోంచి తలెత్తకుండా.

"ఏంటే ఇది?"

"ఆగమన్నాను కదా. లైసెన్సు పోతుంది." ఆవిడ కాయితం ఇంకోసారి మొదటి నుంచి చదివింది. ఆవిడకి చదువు అయిదో తరగతి దాకానే గానీ, చదివిన ముక్క మాత్రం వదలదు. "కలుషితం అయినవాళ్లు బయటివాళ్ల దగ్గరికి రాకూడదని ఉంది. బయటివాళ్లూ బయటివాళ్లూ కలవకూడదని ఎక్కడుంది?"

భాస్కరం సందులోనే నిలబడి ఆలోచించాడు. ఎక్కడా లేదు.

"కలుషితం అయింది మీరు. మర కాదు. మర మీద నోటీసు లేదు, గోడ మీద ఉంది. నేనూ సుగియా బయటివాళ్లం. మా ఇద్దరి మధ్యనా మీ విశ్వేశ్వరంగారు లేరు."

"మర నువ్వు ముట్టుకుంటావా?" అన్నాడు భాస్కరం. ఆ గొంతులో లైసెన్సు పోతుందన్నప్పటికన్నా ఎక్కువ కలవరం ఉంది.

"మీరు మాట ఇచ్చారు. ఎవరు నిలబెడితే ఏంటండి?"

పంచమి పొద్దున మంగతాయారు తలస్నానం చేసి, ముప్ఫై ఒక్కేళ్లలో మొదటిసారి గడప దాటి మరలోకి వెళ్లింది. సుగియా కూడా వెళ్లింది. ఎదురుగా ముగ్గు గీత అవతల భాస్కరం స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పై రాయి ఎత్తడానికి రామ్‌బిలాస్ వెళ్లాడు. బయటివాడే కాబట్టి అడ్డు లేదు. భాస్కరం అక్కడి నుంచే బోల్టు ఏ వైపు తిప్పాలో, రాయి ఎక్కడ ఆనించాలో అరిచి చెబుతుంటే, నాకు తెలుసండీ అని మంగతాయారు రెండుసార్లు అంది. ముప్ఫై ఒక్కేళ్లు గడప మీద టీ గ్లాసు పెట్టి ఊరికే వెళ్లిపోయానని మీరనుకున్నారు, చూస్తూ వెళ్లాను అంది. రాళ్లు మూడుసార్లు కడిగారు. ఆరబెట్టారు. పసుపు రాశారు. మంగతాయారు మోటారుకి దణ్ణం పెట్టి స్విచ్చి వేసింది. మొదటి గుప్పెడు పిండి పక్కన తీసి ఆవుకి పెట్టి, మిగిలింది కొత్త గుడ్డసంచిలోకి పట్టింది.

సుగియా ఆ పిండిని రెండు వేళ్లతో చూసి నుదుటికి తాకించుకుంది. గీత అవతల ఉన్న భాస్కరానికి వంగి దణ్ణం పెట్టింది. అతను చెయ్యి ఎత్తి దీవించాడు. ఇరవై అడుగుల అవతల నుంచి దీవించకూడదని నోటీసులో లేదు.

అప్పుడే ఝాన్సీ టేపు పట్టుకుని తనిఖీకి వచ్చింది. దూరం కొలిచింది. ఇరవై అడుగుల నాలుగు అంగుళాలు. సరిపోయిందని రాసుకుని, ఆ పిండి వాసన భలే ఉందండీ అని ముందుకెళ్లింది.

సప్తమి తెల్లవారింది. కాలవ రేవు మెట్ల మీద ఒకవైపు కార్తీక దీపాలు వదిలే ఆడవాళ్లు, ఇంకోవైపు చెరకుగడలూ అరటిగెలలూ చేటలూ పట్టుకున్న బీహారు ఆడవాళ్లు. ఏటా అక్కడ ఇలాగే ఉంటుంది. ఈ ఏడు ప్రత్యేకత ఏమిటంటే విశ్వేశ్వరం కూడా వచ్చాడు. తుది సర్వేకి అదే చివరిరోజు. కలుషిత నమూనాల అభిప్రాయం ఆయన ఎదుటే నమోదు కావాలి.

సుగియా నడుములోతు నీళ్లలో తూర్పుకి తిరిగి నిలబడింది. ముప్ఫై ఆరు గంటలుగా గొంతు తడవలేదు. పెదాలు ఎండిపోయాయి గానీ చేతిలో చేట ఒరగడం లేదు. కాలవలో దిగువన భాస్కరం కూడా నడుములోతు నీళ్లలో అదే వైపు తిరిగి నిలబడ్డాడు. ఝాన్సీ టేపు ఒక కొస మెట్టుకి బిగించి రెండో కొసతో నీళ్లలోకి వంగింది. పారే నీళ్లలో దూరం ఎక్కణ్ణుంచి కొలవాలని ఆమె అడిగితే, నిబంధనలలో ప్రవాహము గురించి ప్రస్తావన లేదని విశ్వేశ్వరం ఒప్పుకున్నాడు.

సూర్యుడు మిల్లు గొట్టాల మధ్య నుంచి పైకి వచ్చాడు. సుగియా చేట ఎత్తింది. భాస్కరం దోసిలి ఎత్తాడు. పైనుంచి ఆమె వదిలిన పాలూ నీళ్లూ కాలవ వెంట వచ్చి భాస్కరం చుట్టూ తిరిగి ముందుకి పోయాయి. అది వస్తువులు అందించడం కిందకి వస్తుందా అని ఝాన్సీ అడగబోయి ఊరుకుంది.

వ్రతం పూర్తయింది. సుగియా ఒడ్డుకి రాగానే పూనమ్ ఆమె కాళ్లకి దణ్ణం పెట్టింది. సుగియా కూతురి తల నిమిరి, ముందు ఇన్ని మంచినీళ్లు తాగింది. ఆ తరువాత ప్రసాదం పంచడం మొదలుపెట్టింది. ఆ ప్రసాదాన్ని కొంగు పట్టి అడిగి తీసుకోవాలట. మంగతాయారు కొంగు పట్టింది. ఊరి ఆడవాళ్లు పట్టారు. సుగియా తిన్నగా విశ్వేశ్వరం దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను డ్యూటీలో ఉన్నానమ్మా," అన్నాడాయన.

"సారు బయటివారే కదండీ. చిత్తూరు. మీరు తీసుకోవచ్చు," అంది మంగతాయారు. ఆ కాయితం అప్పటికి ఆవిడకి కంఠతా వచ్చేసింది.

విశ్వేశ్వరం జేబురుమాలు పట్టాడు. ఠేకువా కొరికాడు. చాలా రోజులుగా హోటలు భోజనం చేస్తున్న మనిషి. కళ్లు మూసుకుని నమిలాడు. రెండోది తనంతట తానే అడిగాడు. భాస్కరానికి ప్రసాదం ఎవరు ఇవ్వాలన్న ప్రశ్న మిగిలింది. అందరూ బయటివాళ్లే. చివరికి మంగతాయారు ఒక అరటాకు ముక్కలో పెట్టి మెట్టు మీద ఉంచి ఇరవై అడుగులు వెనక్కి నడిచింది. భాస్కరం వచ్చి తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

ఝాన్సీ కాయితం తీసింది. బయటివాళ్లు ఈ ఊరు విడిచి వెళ్లిపోవాలని మీరు కోరుకుంటున్నారా అన్నది ప్రశ్న.

"బయటివాళ్లంటే ఎవరెవరమ్మా, ఒకసారి చెప్పు," అన్నాడు భాస్కరం.

ఝాన్సీ చుట్టూ చూసి లెక్కపెట్టింది. సుగియా దేవి. రామ్‌బిలాస్. మంగతాయారుగారు. దీపాలు వదులుతున్న కోడళ్లందరూ. విశ్వేశ్వరంగారు. కాసేపాగి, నేనూనండి, మాది సామర్లకోట అంది. ఆ రేవులో ఉన్న పెద్దవాళ్లలో స్థానికుడు భాస్కరం ఒక్కడే.

భాస్కరం ఆకులో ఉన్న ఠేకువా వైపు చూశాడు. "అందరూ వెళ్లిపోతే నేను మర ఎవరికోసం తిప్పనమ్మా?" అన్నాడు. "ఉండమని రాసుకో."

నెల తిరక్కముందే విశ్వేశ్వరం నివేదిక రాజధానికి చేరింది. కల్యాణమండపంలో పన్నెండేసి గంటలు పరిచయం చేసిన స్థానికుల అభిప్రాయంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కానీ పరిచయం పూర్తిగా నిషేధించిన అరవై ఒక్కమందీ, నూటికి నూరుపాళ్లు, బయటివాళ్లు ఉండాలనే అన్నారు. కాబట్టి సుహృద్భావానికి మూలం పరిచయం కాదనీ, పరిచయ నిషేధమనీ శాస్త్రీయంగా రుజువైంది. నిషేధాన్ని జిల్లా అంతటికీ విస్తరించాలని, నూకలపాలెంలో మరో ఏడాది పొడిగించాలని నివేదిక సిఫార్సు చేసింది. టెంటు తీసేసిన చిట్టిబాబుకి సామాజిక సామరస్య విభాగంలో ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

పొడిగింపు ఉత్తర్వు వచ్చిన రోజు పొద్దున భాస్కరం స్నానం చేసి, సూర్యుడికి మూడు దోసిళ్లు వదిలి మర దగ్గరికి వచ్చాడు. స్టూలు మీద మంగతాయారు కూర్చుని ఉంది. తొట్టిలో ఎవరివో గోధుమలు పోసింది. మోటారు తిరుగుతోంది. రాళ్లు మొద్దుబారాయి, ఇన్నాళ్లూ ఉలితో గంట్లు కొట్టించకుండా ఎలా నడిపారో అని రామ్‌బిలాస్‌తో చెబుతోంది. గడప మీద ఖాళీ టీ గ్లాసు ఉంది.

భాస్కరం గొంతు సవరించుకుని, గడప మీద కాలు పెట్టాడు.

"ఇరవై అడుగులు," అంది మంగతాయారు, తొట్టిలోంచి చూపు తిప్పకుండా. "టీ పెట్టుకుని వస్తే గ్లాసు అక్కడ పెట్టి వెళ్లండి."